గురి పిస్టల్ ఎంపిక – దాని ఖచ్చితత్వమును కొలుచు విధము

తెలుగున ‘గురి’ అను మాటకు రెండర్థములు కలవు. బాణమైనను గుండైనను తగులవలసిన చోటు మొదటి అర్థము. నమ్మకము రెండవ అర్థము. ‘వాని మాటపై గురి కుదిరినది’ అని అందుము గదా! ఉర్దూ మిత్రులు మొదటి దానిని ‘నిషానా’ అనియు, రెండవ దానిని ‘ఏతబార్’ అనియు వేరుపరచి పలుకుదురు. పోటీ పిస్టల్ కొనబోవు వారు తరచుగా ఈ రెండింటిని కలగలుపుదురు. ఖరీదైన పరికరముపై నమ్మకము కలిగిన చాలును, గుండు తనంతట తానే గురికి చేరునని భావింతురు. ఇవి రెండును వేర్వేరనియు, మొదటి దానిని కొలవవచ్చుననియు, కొలిచిన పిమ్మట కుదిరిన నమ్మకమే నిలుచుననియు తెలుపుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ విషయము నేడు మన విద్యార్థులకు దూరమైనది కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల గాలి పిస్టల్ పోటీలో కాంస్య పతకమును, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో మరియొక కాంస్యమును గెలుచుకొనినది. మన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పిస్టల్ పోటీలలోనే నాలుగు పతకములు సాధించినది. ఇట్టి వార్తలు చదివిన పిల్లలు ఇంటికి పోయి తండ్రిని పిస్టల్ కొనిపెట్టుమందురు. విదేశమునుండి వచ్చు మేలురకము పిస్టల్ వెల లక్ష రూపాయలకు పైమాటయే. అది అనేక కుటుంబములలో ఏడాది సంపాదన. కళాశాల కమిటీ కొనినను అది పదిమంది విద్యార్థుల ఫీజు రాయితీతో సమానమైన సొమ్ము. కనుక ఆ సొమ్ము దేనికి చెల్లించుచున్నామో తెలిసి చెల్లించుట ధర్మము.

పోటీ – దాని కొలతలు

మేము ఇచ్చట 10 మీటర్ల గాలి పిస్టల్‌ను మాత్రమే ఉదాహరణముగా గ్రహించుచున్నాము. 1988 సియోల్ ఒలింపిక్స్ నుండి ఇది స్త్రీపురుషులిరువురకు పతక క్రీడ. 4.5 మిల్లీమీటర్ల వ్యాసముగల సీసపు గుండును పది మీటర్ల దూరమునుండి, ఒంటి చేతితో, ఏ ఆధారమును లేక నిలబడి పేల్చవలెను. ప్రాథమిక పోటీలో 60 గుండ్లు. ఎలక్ట్రానిక్ లక్ష్యములపై కాలపరిమితి 75 నిమిషములు.

లక్ష్యపు నడుమనున్న పది మార్కుల వలయము వ్యాసము 11.5 మి.మీ. మాత్రమే, అనగా చొక్కా గుండీయంత. ఒక్కొక్క వలయము బయటకు పోవుకొలది వ్యాసార్ధము 8 మి.మీ. చొప్పున పెరుగును. గుండు అంచు వలయపు గీతను తాకిన చాలును, పై మార్కే లభించును. పిస్టల్ బరువు 1500 గ్రాములు మించరాదు. ట్రిగ్గర్ లాగుటకు కావలసిన బలము 500 గ్రాములకు తగ్గరాదు. పిస్టల్ మొత్తము 42 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల ఎత్తు, 5 సెంటీమీటర్ల వెడల్పుగల పెట్టెలో ఇముడవలెను. ఈ హద్దులలోనే ఆస్ట్రియాలోని స్టేయర్, స్విట్జర్లాండులోని మోరిని, జర్మనీలోని వాల్తెర్, ఫైన్‌వెర్క్‌బౌ, ఇటలీలోని పర్దీని మొదలగు తయారీదారులు తమ నేర్పు చూపుచున్నారు.

ఖచ్చితత్వమనగా నేమి?

ఎన్.సి.సి.లో చేరి .22 రైఫిల్ పేల్చిన విద్యార్థులకు ‘గ్రూపింగ్’ అను మాట పరిచితమే. గుండ్లు ఎంత దగ్గరగా పడినవి అనునది ఒక ప్రశ్న. ఆ గుంపు ఎచ్చట పడినది అనునది వేరొక ప్రశ్న. గుంపు లక్ష్యమునకు ఎడమగా పడినచో పిస్టల్ చెడ్డదని కాదు. వెనుక సైటునకు గల మరను రెండు మూడు మెట్లు త్రిప్పినచో గుంపు నడుమకు వచ్చును. కాని గుంపు విడిపోయి పడుచున్నచో ఏ మరయు దానిని దగ్గరకు చేర్చజాలదు. కనుక పిస్టల్ యొక్క ఖచ్చితత్వమును గుంపు స్థానమును బట్టి గాక, గుంపు పరిమాణమును బట్టి నిర్ణయింపవలెను.

గుంపును కొలుచుట సులభము. మిక్కిలి దూరముగా పడిన రెండు రంధ్రముల వెలుపలి అంచుల మధ్య దూరమును వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, అందుండి గుండు వ్యాసమైన 4.5 మి.మీ. తీసివేసినచో కేంద్రమునుండి కేంద్రమునకు గల దూరము వచ్చును. పోటీ గుండ్ల ముక్కు బల్లపరుపుగా నుండుట వలన కాగితమున గుండ్రని, శుభ్రమైన రంధ్రము పడును. అమ్మువారు చూపు కొలతలలో కొన్ని అంచునుండి అంచునకు, కొన్ని కేంద్రమునుండి కేంద్రమునకు ఉండును. ఏది ఏదియో అడిగి తెలుసుకొననిచో రెండు పిస్టళ్ళను పోల్చుట వ్యర్థము.

పరీక్షించు పద్ధతి

పిస్టల్‌ను చేత పట్టి పేల్చినచో పిస్టల్ లోపమును చేతి వణకును కలిసి కనబడును. కావున పిస్టల్‌ను మాత్రమే పరీక్షింప దలచినవారు దానిని కదలని బిగింపులో ఉంచి, గాలి చొరబడని గదిలో, పది మీటర్ల దూరమునుండి పేల్చవలెను. మంచి తయారీదారులు ఈ పరీక్ష తామే జరిపి, ఆ కాగితమును పిస్టల్‌తో పాటు పంపుదురు. మేలురకము పిస్టల్‌కు తగిన గుండు దొరికినచో ఐదు రంధ్రములు ఒకదానిలో నొకటి కలిసి ఒకే చిరుగుగా కనబడును. కేంద్రములనుండి కొలిచినచో గుంపు సుమారు 2 మి.మీ. ఉండును.

ఇచ్చట మూడు సంగతులు గమనింపదగినవి.

మొదటిది, ఒక్క గుంపును చూచి తీర్పు చెప్పరాదు. సగటున 2 మి.మీ. గుంపు వేయు పిస్టల్ ఒకసారి ఒకటిన్నర, మరొకసారి రెండున్నర వేయుట యాదృచ్ఛికముగా జరుగునదే. ఐదేసి గుండ్ల గుంపుల పరిమాణము సగటునకు నాలుగవవంతు అటునిటు ఊగుట సహజమని సంభావ్యతా గణితము చెప్పుచున్నది. అమ్మువాడు చూపునది తన చిన్న గుంపును. కొనువాడు అడుగవలసినది అన్ని గుంపుల సగటును. కనీసము ఐదు గుంపులైనను వేయించి చూచుట ఉత్తమము.

రెండవది, గుండ్ల సంఖ్య పెరిగినకొలది గుంపు పెరుగును. ఐదు గుండ్ల సగటు గుంపుకంటె పది గుండ్ల గుంపు సుమారు నాలుగవవంతు పెద్దదగును. పిస్టల్ మారలేదు, దూరముగా పడు గుండునకు అవకాశములు ఎక్కువైనవి. కనుక మూడు గుండ్ల గుంపును చూపి, పది గుండ్ల గుంపుతో పోల్చు ప్రకటనలయెడ జాగరూకతతో నుండవలెను.

మూడవది, పిస్టల్ ఒక్కటే పేలదు. పిస్టలును గుండును కలిసి పేలును. గుండు తల వ్యాసము 4.49, 4.50 మి.మీ. మొదలుగా స్వల్ప తేడాలతో లభించును. ఒకే పేరుగల డబ్బాలలో కూడ తయారీ విడత మారినచో ఫలితము మారవచ్చును. ఒక గొట్టమునకు నచ్చిన గుండు మరొక గొట్టమునకు నచ్చకపోవచ్చును. కొన్ని రకముల గుండ్లను తెచ్చి, ఒక్కొక్క రకముతో గుంపులు వేసి, అన్నిటికంటె సగటు తక్కువైన దానిని గ్రహించి, ఆ విడతనే ఎక్కువగా కొని యుంచుకొనుట అనుభవజ్ఞుల పద్ధతి. కొలది వందల రూపాయలతో జరుగు ఈ పరీక్ష కొన్నిసార్లు పిస్టల్ మార్చినంత మేలు చేయును.

గుండు వేగమును కూడ పరీక్షింపవలెను. ఈ పిస్టళ్ళలో గుండు సుమారు సెకనుకు 150 మీటర్ల వేగముతో వెడలును. పది మీటర్లు పోవులోపల అది భూమ్యాకర్షణ వలన దాదాపు 22 మి.మీ. క్రిందికి దిగును. వేగము 145కు తగ్గినచో దిగుడు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగును. కనుక వేగము గుండు గుండుకు మారుచున్నచో గుంపు నిలువుగా సాగును. నిలువుగా సాగిన గుంపును చూచినపుడు ముందుగా గాలి పీడనమును నియంత్రించు భాగమును అనుమానింపవలెను. ఒకప్పుడు బొగ్గుపులుసు వాయువుతో పనిచేయు పిస్టళ్ళు వాడుకలో నుండెడివి. ఎండ పెరిగినచో ఆ వాయువు పీడనము పెరిగి గుండు పైకి పోయెడిది. మన వేసవులలో అది గొప్ప చిక్కు. నేటి పోటీ పిస్టళ్ళలో 200 బార్ల వరకు నింపిన మామూలు గాలిని, నియంత్రణ కవాటము ద్వారా ప్రతి గుండునకు సమానముగా విడుదల చేయు ఏర్పాటు ఉన్నది.

లెక్క చెప్పు సత్యము

ఇపుడు అసలు ప్రశ్నకు వత్తము. పిస్టల్ గుంపు చిన్నదగుట వలన మార్కులు ఎంత పెరుగును?

పిస్టల్ చెదరుటయు, చేయి చెదరుటయు మామూలుగా కూడవు. వాని వర్గములు కూడును. లంబకోణ త్రిభుజమున రెండు భుజముల వర్గములు కూడి కర్ణపు వర్గమైనట్లే ఇదియును. పెద్ద భుజము ప్రక్కన చిన్న భుజమును ఎంత తగ్గించినను కర్ణము దాదాపు మారదని మన పదవ తరగతి విద్యార్థికి తెలియును.

ఒక విద్యార్థి సగటున ఐదు గుండ్లను 18 మి.మీ. గుంపులో వేయగలడనుకొందము. గుండ్లు కేంద్రము చుట్టు అన్ని వైపులకు సమముగా చెదరునని భావించి లెక్క వేసినచో ఇట్లు వచ్చును. లోపమే లేని ఊహాత్మక పిస్టల్‌తో అతడు 60 గుండ్లలో సుమారు 36 పదులు వేయును. 2 మి.మీ. గుంపుగల మేలురకము పిస్టల్‌తోను 36 పదులే. 4 మి.మీ. గుంపుగల మధ్యరకము పిస్టల్‌తో 35. 9 మి.మీ. గుంపుగల నాసిరకము పిస్టల్‌తో 31.

క్రొత్తగా నేర్చుకొను వాని గుంపు 40 మి.మీ. ఉండుననుకొందము. అతడు లోపము లేని పిస్టల్‌తో 10 పదులు వేయును. నాసిరకముతోను దాదాపు 10 పదులే వేయును! ఇక 12 మి.మీ. గుంపు వేయగల ఆరితేరిన క్రీడాకారుడో – మేలురకముతో 52 పదులు, మధ్యరకముతో 51, నాసిరకముతో 44 వేయును.

ఈ అంకెలు రెండు సత్యములను బోధించుచున్నవి. నేర్పు పెరిగినకొలది మంచి పిస్టల్ అవసరము పెరుగును గాని, పిస్టల్ వలన నేర్పు పెరుగదు. రెండవది, ఒక స్థాయి దాటిన పిమ్మట గుంపును ఇంకను తగ్గించుటకై చెల్లించు సొమ్ము మార్కుల రూపమున తిరిగి రాదు. అట్లయిన మేలురకమునకు అంత వెల ఏల? ఆ వెల గొట్టమునకు మాత్రమే కాదు. చేతికి, కంటికి, వ్రేలికి పిస్టల్ ఎట్లు అమరునో దానికి. చేతి గుంపును తగ్గించునది అదియే.

ఎంపికలో చూడవలసినవి

అన్నిటికంటె ముందు పిడిని చూడవలెను. మేలురకము పిస్టళ్ళ పిడులు అరచేతి ఆకృతిని బట్టి చెక్కబడి, చిన్న, నడిమి, పెద్ద కొలతలలో, కుడిచేతికి ఎడమచేతికి వేరువేరుగా లభించును. పరీక్ష ఇది: కన్నులు మూసుకొని, పిస్టల్‌ను లక్ష్యము వైపునకు ఎత్తి, కన్నులు తెరువవలెను. ముందు సైటు వెనుక సైటు నడిమి సందులో తానుగా నిలిచియున్నచో పిడి అమరినట్లు. ప్రతిసారి ఒకే వైపునకు ఒరిగియున్నచో పిడిని సవరింపవలెను, లేదా మార్చవలెను. దీనిని పదిసార్లు చేసి చూచుటకు ఖర్చేమియు లేదు.

రెండవది ట్రిగ్గర్. మొదటి దశలో వ్రేలు కొంత బరువును తీసికొని ఆగవలెను. రెండవ దశలో గాజుపుల్ల విరిగినట్లు చటుక్కున విడివడవలెను. నడుమ గీరుకొనుట, జారుట ఉండరాదు. 500 గ్రాముల బరువును ట్రిగ్గరుకు తగిలించి పిస్టల్‌ను నిలువుగా ఎత్తినచో అది విడివడరాదు. పోటీ నిర్వాహకులు ఇట్లే పరీక్షింతురు. కనుక 500కు కొంచెము పైననే అమర్చుకొనుట క్షేమము. గుండు లేక ట్రిగ్గర్ లాగి అభ్యసించు ఏర్పాటు తప్పక ఉండవలెను. ఇంటిలో జరుగు సాధన యంతయు దానిపైననే ఆధారపడును.

మూడవది సైట్లు. రెండు సైట్ల మధ్య దూరము 33 సెంటీమీటర్లనుకొందము. ముందు సైటు వెనుక సందులో ఒక మిల్లీమీటరులో పదవవంతు ప్రక్కకు ఒరిగినను లక్ష్యముపై గుండు 3 మి.మీ. తొలగును. ఒక మిల్లీమీటరు ఒరిగినచో 30 మి.మీ. తొలగి పదికి బదులు ఏడు వచ్చును. చేయి మొత్తముగా ఒక మిల్లీమీటరు కదలినచో గుండు కదలునది ఆ ఒక్క మిల్లీమీటరే. కావుననే గురువులు లక్ష్యమును గాక ముందు సైటును చూడుమందురు. వెనుక సందు వెడల్పును, ముందు సైటు వెడల్పును మార్చుకొను వీలు ఉన్నదా, మర ప్రతి మెట్టునకు గుంపు సమముగా జరుగుచున్నదా యని పరీక్షింపవలెను. పది మెట్లు కుడికి, పది మెట్లు తిరిగి ఎడమకు త్రిప్పినపుడు గుంపు బయలుదేరిన చోటికే రావలెను.

నాలుగవది బరువు, తూకము. బరువైన పిస్టల్ నిలకడగా నుండునని అందరు అందురు. అరువదవ గుండు నాటికి భుజము ఏమనునో కూడ చూడవలెను. పదునేడేండ్ల బాలిక భుజమును, ముప్పదేండ్ల సైనికుని భుజమును ఒకటి కావు. బరువులు చేర్చుటకును తీయుటకును వీలున్నది మేలు.

ఐదవది నమ్మకముగా పనిచేయుట. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ పోటీ నడుమ చెడి, ఎంతో విలువైన కాలము గడచిపోయినది. ఆమె 575 మార్కులతో పన్నెండవ స్థానమున నిలిచి తుదిపోటీకి చేరలేకపోయినది. కావున విడిభాగములు మన దేశమున దొరకునా, మరమ్మత్తు తెలిసినవారు అందుబాటులో నున్నారా అను ప్రశ్నలు గుంపు కొలతకంటె తక్కువవి కావు.

ఇతరులు వాడిన పిస్టల్ కొనుట

మధ్యతరగతి కుటుంబమునకు వాడిన పిస్టల్ కొనుట తెలివైన మార్గము. గాలి పిస్టల్ గొట్టము మెత్తని సీసముతో త్వరగా అరగదు. అయితే గాలి నింపు గొట్టమునకు తయారీదారు విధించిన వయఃపరిమితి ఉండును. సాధారణముగా పది సంవత్సరములు. దానిపై ముద్రించిన తేదీని చూచియే బేరమాడవలెను. గడువు దాటిన గొట్టముతో పోటీలో ఇబ్బందియే గాక ప్రాణాపాయము కూడ కలదు. నింపిన గాలి ఒక రాత్రి గడచిన పిమ్మట తగ్గినదా, పిడిని పూర్వపు యజమాని తన చేతికై మితిమీరి చెక్కినాడా యని కూడ చూడవలెను.

చట్టము, జాగ్రత్త

.22 పిస్టల్‌కు 1959 ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు తప్పనిసరి. గాలి పిస్టల్ విషయమునను అమలులోనున్న నియమములను రైఫిల్ సంఘము ద్వారా తెలుసుకొనిన పిమ్మటనే కొనవలెను. ఇది ఆటవస్తువు కాదు. దగ్గర నుండి తగిలినచో కన్ను పోవును. గుండు లేదని తెలిసినను మూతిని మనుష్యుల వైపు త్రిప్పరాదు. ట్రిగ్గరుపై వ్రేలు పేల్చు క్షణమున మాత్రమే ఉండవలెను. సీసము విషము గనుక అభ్యాసము ముగియగనే సబ్బుతో చేతులు కడుగుకొనక అన్నము ముట్టరాదు.

విద్యార్థులకును కమిటీకిని మనవి

హంగరీ దేశపు కారోలీ టకాచ్ అను సైనికుని కుడిచేయి 1938లో చేతిబాంబు ప్రేలి చితికిపోయినది. అతడు ఎడమచేతితో మరల నేర్చుకొని 1948లో లండనులోను, 1952లో హెల్సింకిలోను 25 మీటర్ల శీఘ్ర పిస్టల్ పోటీలో స్వర్ణ పతకములు గెలిచినాడు. 2024లో పారిస్‌లో టర్కీ దేశపు యూసుఫ్ దికేచ్ మామూలు కళ్ళద్దములతో, ఎడమచేయి జేబులో నుంచుకొని పేల్చి జట్టు రజతము గెలిచినపుడు లోకము ఆశ్చర్యపడినది. అది అతని ఐదవ ఒలింపిక్స్ అను సంగతిని మాత్రము కొందరే గమనించిరి. అతడు విడిచినది ఆడంబరమును. అతని చేతిలోనిది మాత్రము పోటీకి తగిన పిస్టలే.

కావున మా సలహా యిది. క్రొత్తవారు మొదటి యేడాది రేంజిలో దొరకు పిస్టల్‌తో అభ్యసించి, తమ ఐదు గుండ్ల గుంపును నెలనెలా కొలిచి నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. ఆ గుంపు 20 మి.మీ. లోపలికి వచ్చి నిలుచు వరకు తండ్రిని అప్పు చేయుమని కోరుట న్యాయము కాదు. కమిటీ వారు ఒక్క మిక్కిలి ఖరీదైన పిస్టల్‌కు బదులు, అదే సొమ్ముతో వచ్చునన్ని మధ్యరకము పిస్టళ్ళను, వేరువేరు కొలతల పిడులను – వానిలో ఎడమచేతి పిడిని తప్పక చేర్చి – కొనినచో ఎక్కువమందికి మేలగును. ఎడమచేతి విద్యార్థినికి కుడిచేతి పిడి నిచ్చుట అవకాశము నిచ్చుట కాదు. ఒక విద్యార్థి గుంపు నిజముగా చిన్నదై, పిస్టల్ గుంపే అడ్డమగు నాడు, ఆ నోటుపుస్తకమే మేలురకము పిస్టల్ కొనుటకు అర్జీ యగును. ఆ అర్జీని కాదనుటకు అప్పుడు ఎవరికిని కారణముండదు.